ఫ్రెంచ్ మీద మిల్నర్-బ్యారీ గాంబిట్: చేతిలో ఉన్న ఆట డ్రా అయ్యింది, ఓపెనింగ్ మార్చేయాలా?

కృష్ణలంక_బంటు · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయవాడలో 1800 లోపు రేటింగ్ వాళ్ళకి పెట్టిన టోర్నమెంట్ ఇవాళ్టితో అయిపోయింది. ఐదు రోజులు, తొమ్మిది రౌండ్లు, 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు. బ్యాంకులో లీవు పెట్టి మరీ ఆడాను. వచ్చింది ఐదు పాయింట్లు. ఆరో రౌండ్ ఆట ఒకటి మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. నా రేటింగ్ 1590. అవతల పన్నెండేళ్ళ అబ్బాయి, 1702. కుర్చీ ఎత్తు సరిపోక మోకాళ్ళ మీద కూర్చుని ఆడాడు.

పావుల పేర్లు పొట్టిగా రాస్తున్నా: రా రాజు, మం మంత్రి, ఏన ఏనుగు, శ శకటు, గు గుర్రం. బంటు కదిలితే గడి పేరొక్కటే. × అంటే కొట్టడం, + అంటే చెక్, 0-0 అంటే క్యాస్లింగ్ (రాజుని పక్కకి జరిపి ఏనుగుని ఇవతలకి తేవడం), నంబరు తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లపావుల ఎత్తు. నావి తెల్లపావులు. ఫ్రెంచ్ అంటే ఇ4కి నల్లపావులు ఇ6 అనడం, మిల్నర్-బ్యారీ గాంబిట్ అంటే దాని మీద తెల్లపావులు దాడి కోసం డి4 బంటుని వదిలేయడం.

1.ఇ4 ఇ6 2.డి4 డి5 3.ఇ5 సి5 4.సి3 గు-సి6 5.గు-ఎఫ్3 మం-బి6 6.శ-డి3 సి×డి4 7.సి×డి4 శ-డి7 8.0-0 గు×డి4 9.గు×డి4 మం×డి4 10.గు-సి3 మం×ఇ5 11.ఏన-ఇ1 మం-డి6 12.గు-బి5 మం-బి8 13.మం-ఎఫ్3 శ-డి6 14.గు×డి6+ మం×డి6 15.శ-ఎఫ్4 మం-బి6 16.మం×డి5 గు-ఇ7 17.మం-జి5 0-0 18.శ×హెచ్7+ రా×హెచ్7 19.మం×ఇ7 శ-సి6 20.శ-ఇ5 ఏనఎ-ఇ8 21.మం-జి5 ఎఫ్6 22.మం-హెచ్5+ రా-జి8 23.శ-సి3 ఇ5. తర్వాత మంత్రులు మారాయి, 37వ ఎత్తుకి డ్రా.

నిజం చెప్పాలంటే ఆరో ఎత్తు శ-డి3 ఆడింది ఏడో ఎత్తు వల కోసమే. 7...గు×డి4 కొడితే 8.గు×డి4 మం×డి4 9.శ-బి5 చెక్, మంత్రి హరీ. ఆన్‌లైన్‌లో ఈ వలలో ఎంతమంది పడ్డారో లెక్కలేదు. ఈ పిల్లాడు మూడు సెకన్లలో శ-డి7 పెట్టేసి నా మొహం వంక చూశాడు. అక్కడి నుంచి నాకేమీ తెలీదు, బోర్డు ముందు కూర్చుని అల్లుకున్నదే.

రెండు బంట్లు పోయాయి, కొంత దాడి వచ్చింది, చివరికి ఏమీ మిగల్లేదు. ఈ ఓపెనింగ్ మానేసి లండన్ సిస్టమ్ అనే నెమ్మదైన ఓపెనింగ్‌లోకి వెళ్ళిపోదామా అని ఆలోచిస్తున్నా. మీరేమంటారు?

వరంగల్_గుర్రం · ఆదివారం రాత్రి 9:58

అన్నా, ఓపెనింగ్ సంగతి తర్వాత. 18వ ఎత్తు దగ్గర ఇ7 గుర్రం ఊరికే ఉంది కదా? మంత్రితో కొడితే ముక్క వచ్చేది! నేను బోర్డు మీద పెట్టి రెండుసార్లు చూసినా, నాదే తప్పేమో అని.

కృష్ణలంక_బంటు · ఆదివారం రాత్రి 10:03

...

ఇప్పుడు చూశా.

ఎత్తులు లెక్కేసే కంప్యూటర్ ఇంజన్‌లో పెట్టకుండా ముందు ఇక్కడ అడుగుదామనుకున్నా. ఇంజన్‌కి అక్కర్లేకుండానే పోయింది పరువు.

మాస్టారు64 · ఆదివారం రాత్రి 10:30

బంటు గారూ, ఊరుకోండి. పాతికేళ్ళుగా పిల్లలకి నేర్పిస్తున్నాను, ఇలాంటివి వారానికి నాలుగు చూస్తాను. నేనూ చేశాను.

లెక్క వేద్దాం. 16.మం×డి5 బాగా చూశారు. ఇ6 బంటుతో మంత్రిని కొట్టలేడు. ఆ బంటు పక్కకి జరిగితే ఇ1 ఏనుగు నుంచి రాజుకి చెక్, కాబట్టి కొట్టడం చెల్లదు. 17.మం-జి5 ఇంకా మంచిది, జి7 మీదా ఇ7 మీదా ఒకేసారి ఒత్తిడి. ఇ7 గుర్రానికి అప్పుడున్న కాపలా ఒక్కటే, ఇ8లో రాజు. 17...0-0తో ఆ కాపలా కాస్తా లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడు 18.మం×ఇ7 అంటే నికరంగా ఒక ముక్క ఎక్కువ. 18...ఏన-ఇ8 అని మంత్రిని తరిమితే హెచ్4కో జి5కో వెనక్కి వస్తుంది, అంతే.

మీరు ఆడిన దాంట్లో శకటు ఇచ్చి, బంటునీ గుర్రాన్నీ తీసుకున్నారు. ఇద్దరికీ చెరి ఐదు బంట్లు, మీకు నల్లగడుల శకటు, అతనికి తెల్లగడుల శకటు. రంగు కలవని శకటులంటే డ్రా వాసన అప్పుడే కొట్టేసింది.

అబ్బాయి 17వ ఎత్తులో గు-జి6 ఆడి జి7ని మూసి ఉంటే ఆట ఇంకా నడిచేది. అతనికి ఒక బంటు ఎక్కువ, రాజు మాత్రం నడిబజారులో.

ఒకటే అడుగుతాను. హెచ్7 కొట్టేటప్పుడు మీ మనసులో ఏముంది?

కృష్ణలంక_బంటు · ఆదివారం రాత్రి 11:15

మాస్టారూ, అదే చెప్తా, నవ్వకండి.

క్యాస్లింగ్ చేసి వాడు లేచి నీళ్ళకి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాడు! అంత ధీమాగా తిరుగుతున్నాడంటే అంతా లెక్కేసుకునే ఉంటాడు అనుకున్నా. నా గడియారంలో 41 నిమిషాలున్నాయి, పదిహేడు వాడేశా. ఆ పదిహేడు నిమిషాలూ చూసింది ఒక్కటే: శ×హెచ్7+, రా×హెచ్7, మం-హెచ్5+, రా-జి8, ఏన-ఇ3, ఆ తర్వాత ఏన-హెచ్3, మాటు. గ్రీక్ గిఫ్ట్ అని వీడియోల్లో చూపించేది. జీవితంలో ఒక్కసారైనా టోర్నమెంట్ ఆటలో ఆ శకటుని హెచ్7లో పెట్టాలని కోరిక.

పెట్టాక, వాడు రాజుతో కొట్టాక, అప్పుడు కనపడింది. 20.ఏన-ఇ3 అంటే 20...మం×బి2! ఇ1 ఏనుగు కదిలాక ఎ1 ఏనుగుకి దిక్కు లేదు. 21.ఏన-హెచ్3 అంటే మం×ఎ1 చెక్‌తో కొడతాడు, నా మాటు కంటే ముందు నా రాజు గోడకి ఆనుకుపోతాడు. చెమటలు పట్టాయి. దొరికింది చాలని 19లో గుర్రం తినేశా.

గుర్రం 18లోనే ఎందుకు కనపడలేదంటే, 17 ఆడేటప్పుడు ఇ7కి రాజు కాపలా అని ఒకసారి లెక్కేసుకున్నా. రాజు జి8కి వెళ్ళాడు, నా బుర్రలో మాత్రం ఇ8లోనే కూర్చున్నాడు.

ఎండ్‌గేమ్_ఎంకన్న · సోమవారం ఉదయం 6:20

ఆ చివరి వాక్యానికి పేరుంది. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ నికొలాయ్ క్రోగియస్ మనస్తత్వ శాస్త్రవేత్త కూడా. ఆటగాళ్ళ పొరపాట్లు పోగేసి కొన్ని రకాలుగా విడదీశాడు. అందులో ఒకటి ఇదే: పాత బోర్డు బొమ్మ మనసులో అతుక్కుపోవడం. పావు కదిలిపోయినా ఉన్నచోటే ఉన్నట్టు లెక్క సాగుతుంది. పెద్దవాళ్ళకీ జరుగుతుంది. 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట గుర్తుందిగా? డ్రా అయ్యే ఆటలో డింగ్ లిరెన్ 55.ఏన-ఎఫ్2 అని ఏనుగుల మార్పిడికి పిలిచాడు. గుకేశ్ ఏనుగులు మార్చి, వెంటనే శకటులూ మార్చేసి, మిగిలిన బంట్ల ఆట గెలిచి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అది వేరే రకం పొరపాటనుకోండి. కానీ మన 1590కి ఇంత బాధ అక్కర్లేదని చెప్పడానికి పనికొస్తుంది.

ఇక నా వంతు సణుగుడు. 20.శ-ఇ5 తర్వాత కూడా మీ దగ్గర సరుకుంది. 21.మం-జి5 బదులు 21.మం-హెచ్4+ రా-జి8 22.శ×జి7! రా×జి7 అంటే 23.మం-జి5+, 24.మం-హెచ్5+, మళ్ళీ జి5, ఎంతసేపైనా చెక్‌లు ఇచ్చుకోవచ్చు. కనీసం డ్రా జేబులో వేసుకుని, ఇంకేమైనా దొరుకుతుందా అని వెతికే స్థితి అది. మీరు ఆడిన 23.శ-సి3 తర్వాత ఆడటానికి ఏమీ లేదు.

పాప_వాళ్ళ_నాన్న · సోమవారం ఉదయం 8:05

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా పాపకి పదేళ్ళు, 1480. ఫ్రెంచ్ ఎదురైతే ఏడుపు మొహం పెడుతుంది. ఈ గాంబిట్ నేర్పించవచ్చా? కోచ్ గారేమో మార్పిడి వేరియేషన్, అంటే మూడో ఎత్తు ఇ×డి5, చాలు అంటున్నారు.

ఇంకో చిన్న సందేహం. మీరంతా శకటు, శకటు అంటున్నారు. మా నాన్నగారు దాన్ని ఒంటె అనేవారు. పాప బిషప్ అంటుంది. ఇంట్లో మూడు తరాలు ఒకే పావుని మూడు పేర్లతో పిలుస్తున్నాం.

మాస్టారు64 · సోమవారం ఉదయం 8:50

ఏ పేరైనా పరవాలేదండి, మూలగా కదిలితే చాలు. స్కోర్‌షీట్ మీద మాత్రం ఇంగ్లిషు అక్షరాలే రాయించండి.

పాప సంగతి. మార్పిడి వేరియేషన్ తప్పు కాదు గానీ, పదేళ్ళ వయసులో అది అలవాటు చేస్తే రెండు వైపులా ఒకేలా ఉన్న బంట్లు చూస్తూ కూర్చోవడమే నేర్చుకుంటుంది. 3.ఇ5 ఆడితే బంట్ల గొలుసు అంటే ఏమిటో, దాని మొదలు ఎక్కడో, ఎక్కడ కొడితే కూలుతుందో తెలుస్తుంది. నిమ్జోవిచ్ అనే గ్రాండ్‌మాస్టర్ వందేళ్ళ కిందటే ఈ ఎత్తుని నెత్తిన పెట్టుకుని వాదించింది అందుకే. డి4 కదా గొలుసుకి పునాది, అందుకే నల్లపావులు సి5, గు-సి6, మం-బి6 అని మూడు వైపుల నుంచీ దాన్నే పొడుస్తాయి. ఆ డి4ని ఇచ్చేసి, బదులుగా నల్లమంత్రిని బోర్డంతా పరుగెత్తించి, ఈలోగా పావులన్నీ బయటకి తీయడం మిల్నర్-బ్యారీ ఆలోచన.

పిల్లలకి మంచిదే. ముందు 6.ఎ3 నేర్పండి. నెమ్మదైన దారి, బి4 తోస్తూ మంత్రి పక్క చోటు ఆక్రమించడం. అది ఓ ఏడాది ఆడాక గాంబిట్.

వరంగల్_గుర్రం · సోమవారం ఉదయం 9:30

మాస్టారూ, నేను ఒప్పుకోను. పిల్లలు ముందు దాడే నేర్చుకోవాలె. బంట్లు తోసుడు నలభై ఏళ్ళకి ఎట్లాగూ వస్తది. మా హనుమకొండ అర్జున్ ఎరిగైసి ఆట చూడండి, డ్రా చేసుకుందామని కూర్చుంటాడా? 2024లో రేటింగ్ 2800 దాటింది ఊరికే కాదు.

మాస్టారు64 · సోమవారం ఉదయం 9:41

అర్జున్ దాడి చేస్తాడు, చేతిలో ఉన్న గుర్రాన్ని వదిలిపెట్టి మాత్రం కాదు.

వరంగల్_గుర్రం · సోమవారం ఉదయం 9:44

బంటు అన్న వింటున్నాడు సార్ 😄

డల్లాస్_శకటు · సోమవారం మధ్యాహ్నం 12:10

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర రావట్లేదు కాబట్టి కథ చెప్తా. స్టువర్ట్ మిల్నర్-బ్యారీ ఎవరో తెలుసా? చదరంగం వృత్తి కాదు. 1939లో బ్యూనస్ ఐరిస్‌లో చెస్ ఒలింపియాడ్ జరుగుతుండగా యుద్ధం మొదలైంది. ఇంగ్లండ్ జట్టులో ఉన్న ఇతనూ, హ్యూ అలెగ్జాండర్, హ్యారీ గోలోంబెక్ ఆట మధ్యలో వదిలి ఇంటికి బయల్దేరారు. ముగ్గురూ తేలింది బ్రిటన్ రహస్య కేంద్రం బ్లెచ్లీ పార్క్‌లో, జర్మన్ల సంకేత భాష విప్పే పనిలో. మిల్నర్-బ్యారీ అక్కడి హట్ 6 అనే విభాగంలో పనిచేసి తర్వాత దానికే అధిపతి అయ్యాడు.

1941 అక్టోబరులో మనుషులు చాలక పని ఆగిపోతోందని ట్యూరింగ్, వెల్చ్‌మన్, అలెగ్జాండర్, ఇతనూ సంతకాలు పెట్టి చర్చిల్‌కి నేరుగా ఉత్తరం రాశారు. పై అధికారులకి చెప్పకుండా! దాన్ని డౌనింగ్ స్ట్రీట్‌కి స్వయంగా పట్టుకెళ్ళింది మిల్నర్-బ్యారీ. నలుగురిలో తాను లేకపోయినా పని నడుస్తుంది కాబట్టి తనని పంపారని తర్వాత చెప్పుకున్నాడు. చర్చిల్ ఆ ఉత్తరం మీద ఈ రోజే చర్య తీసుకోండి అని రాశాడు, అడిగినవన్నీ వచ్చాయి.

బంటుని ముందుకి తోసి ఇచ్చేయడం ఆయనకి బోర్డు బయట కూడా అలవాటే అన్నమాట.

ఫ్రెంచ్ అన్న పేరు కూడా ఒక ఉత్తరాల ఆట నుంచే వచ్చింది. 1834లో మొదలైన లండన్, ప్యారిస్ క్లబ్బుల పోటీలో ప్యారిస్ వాళ్ళు ఇ4కి ఇ6 అని జవాబిచ్చారు.

ఎండ్‌గేమ్_ఎంకన్న · సోమవారం మధ్యాహ్నం 1:05

కథ బాగుంది. ఓపెనింగ్ మాత్రం బాగోలేదు. బంటు గారి అసలు ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళు లేరా? నలుపు సరిగ్గా ఆడితే ఇందులో తెల్లపావులకి ఏముంది? 10...ఎ6 ఆడితే గుర్రం బి5కి రాదు. 11.మం-ఇ2 గు-ఇ7 12.రా-హెచ్1 గు-సి6 13.ఎఫ్4. నలుపుకి ఒక బంటు ఎక్కువ, ఎక్కడా పెద్ద చిల్లు లేదు. ఇది ముప్ఫై ఏళ్ళ కిందట నా నోట్సులో రాసుకున్న లైను, ఇప్పటికీ తెల్లపావులకి సుఖం కనపడదు.

మాస్టారు64 · సోమవారం మధ్యాహ్నం 2:20

ఎంకన్నా, మీ నోట్సులో తప్పు లేదు. 1600 వాళ్ళ హాల్లో కూర్చుని చూడండి, 10...ఎ6 ఎంతమంది ఆడతారో. ఇ5 బంటు కళ్ళెదురుగా ఊరికే కూర్చుంటే తినకుండా ఎ-బంటు తోసే నిగ్రహం ఆ వయసు పిల్లలకి తక్కువ. ఈ అబ్బాయి ఏడో ఎత్తు దాకా మూడేసి సెకన్లలో ఆడాడు, అంటే వల గురించి కోచ్ చెప్పాడు. పదో ఎత్తుకి ఎంతసేపు పట్టిందో బంటు గారు చెప్పాలి.

తిన్న తర్వాత కూడా నలుపుకి దారులున్నాయి. 12.గు-బి5కి 12...మం-బి6 అంటే 13.శ-ఇ3 మం-ఎ5 14.శ-డి2 మం-బి6 15.శ-ఇ3, ఇలా తిప్పుకుంటూ మూడుసార్లు అదే స్థితి, డ్రా. 112 పాయింట్లు ఎక్కువున్న వాడితో నల్లపావులకి పన్నెండో ఎత్తులోనే డ్రా ఇచ్చే ఓపెనింగ్ అని కొందరికి దీని మీద చిరాకు. కానీ ఆ డ్రా కోసం నలుపు కూడా లైను చదివి రావాలి.

కృష్ణలంక_బంటు · సోమవారం సాయంత్రం 7:30

ఆఫీసు అయ్యింది. స్కోర్‌షీట్‌లో టైమ్‌లు రాసుకునే అలవాటుంది. మం×ఇ5కి వాడు తీసుకున్నది 11 నిమిషాలు. మాస్టారు చెప్పింది నిజమే, ఎవరో చెప్పింది అక్కడితో అయిపోయింది. 11...మం-డి6కి ఇంకో 9. అక్కడి నుంచి ఇద్దరం గుడ్డోళ్ళమే.

రేటింగ్ లెక్క కూడా చేశా, పనిలేక. 112 తేడాకి నా అంచనా స్కోరు 0.35. నాకు కె (ఒక్కో ఆటకి రేటింగ్ ఎంత కదలాలో చెప్పే గుణకం) 20 కాబట్టి డ్రాకి వచ్చింది మూడు పాయింట్లు, గెలిస్తే పదమూడు. ఒక గుర్రం ఖరీదు పది పాయింట్లు. నా పాత రేటింగ్ 1310. 2024 మార్చిలో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే అందరికీ పెంచినప్పుడు 1586 అయ్యింది. అంటే సొంతంగా ఇన్నాళ్ళు కష్టపడి సంపాదించింది నాలుగే నాలుగు పాయింట్లు. ఇప్పుడర్థమైందా ఆ పది కోసం ఏడుపు?

పాప_వాళ్ళ_నాన్న · సోమవారం సాయంత్రం 7:52

పెంచారా? పాపకి ఏమీ పెరగలేదే!

మాస్టారు64 · సోమవారం రాత్రి 8:10

పాపకి ఆ తర్వాత రేటింగ్ వచ్చి ఉంటుంది. 2000 లోపు వాళ్ళందరికీ, 2000కి ఎంత తక్కువున్నారో అందులో నలభై శాతం కలిపారు. రేటింగ్ జాబితాలో అడుగు కూడా 1000 నుంచి 1400కి ఎత్తారు. పాప మొదలుపెట్టిందే కొత్త మెట్టు మీద.

వరంగల్_గుర్రం · సోమవారం రాత్రి 9:15

బంటు అన్నా, లండన్ సిస్టమ్ మాత్రం పోకు. ఈ ఆట మళ్ళొకసారి చూడు: పదహారో ఎత్తుకి నల్లరాజు ఇంకా క్యాస్లింగ్ చేసుకోలే, నీ పావులన్నీ బయటున్నయ్, పిల్లాడు గంట టైమ్ కాల్చిండు, పదిహేడుకి బ్లండర్ చేసిండు. ఓపెనింగ్ ఇంకేం చేయాలె నీకు? కాఫీ కలిపి ఇవ్వాల్నా?

ఎండ్‌గేమ్_ఎంకన్న · సోమవారం రాత్రి 9:40

ఈ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆడుకోండి. 10...ఎ6 వచ్చిన రోజు నన్ను తలుచుకోండి.

ఇంకో చిత్రం గమనించారా? ఫ్రెంచ్ ఆడేవాళ్ళకి సి8 శకటు పుట్టుశాపం అంటారు, ఇ6 బంటు వెనక ఇరుక్కుని ఆటంతా నిద్రపోతుందని. ఈ ఆటలో నలుపుని కాపాడింది అదే. ఏడో ఎత్తులో డి7కి వచ్చి వల తప్పించింది, పందొమ్మిదిలో సి6కి వెళ్ళి డ్రా తెచ్చింది.

డల్లాస్_శకటు · మంగళవారం ఉదయం 7:30

గాంబిట్ ఆడాలనుకుంటే 9వ ఎత్తులో గు×డి4కి బదులు 9.గుబి-డి2 కూడా చూడండి. డి4లో ఉన్న నల్లగుర్రాన్ని కొట్టకుండానే రెండో గుర్రాన్ని తెస్తారు. ఈమధ్య బాగా ఆడుతున్నారు. పాత లైను వల్లెవేసి వచ్చిన పిల్లలకి అది తెలియకపోవచ్చు.

గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ గారు కూడా ఫ్రెంచ్ ఆడతారు, నల్లపావుల వైపు నుంచి. సింగపూర్ పోటీకి గుకేశ్ బృందంలో ఆయన కూడా ఉన్నారు. ఆ పోటీ మొదటి ఆటలో గుకేశ్ ఇ4 తోస్తే డింగ్ ఇ6 అన్నాడు, నల్లపావులతో గెలిచాడు కూడా. మన గుంటూరు ఆయనకి ఆ సాయంత్రం ఎలా గడిచిందో!

సత్తెనపల్లి_నాన్న · మంగళవారం రాత్రి 8:45

నమస్తే అండి. ఈ వేదికలో చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈ ఆట చూసి మా వాడి స్కోర్‌షీట్ తీసి పోల్చుకున్నాను. అక్షరం పొల్లుపోలేదు. ఆ అబ్బాయి మా వాడే.

పేరెంట్స్‌ని హాల్లోకి రానివ్వరు కాబట్టి నాకు ఆరోజు ఏమీ తెలీదు. బయట చెట్టు కింద కూర్చున్నాను. వాడు వచ్చి డ్రా అన్నాడు. 1590తో డ్రానా అని నేను కాస్త కోప్పడ్డాను కూడా. ఆరు పాయింట్లు పోయాయి, వీళ్ళకి కె 40 కదా. ఏమీ మాట్లాడలేదు.

నిన్న రాత్రి ఈ పోస్టులు వాడికి చదివి వినిపిస్తే అప్పుడు చెప్పాడు. క్యాస్లింగ్ చేసి గడియారం నొక్కి రెండడుగులు వేశాడట, గుర్రం పోతుందని తట్టిందట. వెనక్కి తిరిగి చూస్తే మొహంలో తెలిసిపోతుందని నీళ్ళ క్యాన్ దగ్గరే నిలబడ్డాడట. మూడు గ్లాసుల నీళ్ళు తాగాడట. దూరం నుంచి మీ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ ఉన్నాడట. పదిహేడు నిమిషాలు! మీరు దాన్ని ధీమా అనుకున్నారు.

కృష్ణలంక_బంటు · మంగళవారం రాత్రి 8:58

అయ్య బాబోయ్.

సార్, వాడు తిరిగి వచ్చి బోర్డు చూసి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. నా త్యాగం చూసి భయపడ్డాడనుకుని లోపల ఎంత పొంగిపోయానో.

వరంగల్_గుర్రం · మంగళవారం రాత్రి 9:01

ఈ చర్చకి ఇంతకంటే మంచి ఎత్తు ఎవరూ ఆడలేరు 😂

మాస్టారు64 · మంగళవారం రాత్రి 9:20

నాన్నగారూ, ఆ డ్రాకి కోప్పడకండి. తప్పు చేశాక మొహం కనపడకుండా పదిహేడు నిమిషాలు నిలబడటం కోచ్‌లు నేర్పించగలిగింది కాదు. వాణ్ణి ఒకటి అడగండి: 17వ ఎత్తులో గు-జి6 చూశాడా?

సత్తెనపల్లి_నాన్న · మంగళవారం రాత్రి 9:36

అడిగాను మాస్టారూ. చూశాడట. శ×జి6 కొడితే బంట్లు పాడవుతాయని, రాజు మధ్యలో ఉంటే భయమేసి క్యాస్లింగ్ చేశాడట. ముందు భయమేసిందట, ఆ తర్వాతే గుర్రం కనపడిందట.

పది ఎత్తులో ఎ6 అని ఎవరో పెద్దాయన రాశారు కదా, అది నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. బంటు అంకుల్ ఈసారి కూడా అదే ఆడతారా అని అడగమంటున్నాడు. వచ్చే నెల గుంటూరు టోర్నమెంటుకి ఎంట్రీ కట్టాం.

కృష్ణలంక_బంటు · మంగళవారం రాత్రి 9:50

నేనూ కట్టాను. తొమ్మిదో ఎత్తు సంగతి మాత్రం వాడికి చదివి వినిపించకండి సార్, డల్లాస్ ఆయన రాసిన పోస్టు దాటేయండి.

సత్తెనపల్లి_నాన్న · మంగళవారం రాత్రి 9:53

అది ముందే చదివేశాడండి.